రెండో మూట నాచు

పాతపట్నం, 9-12-68

మా మనవరాలు లీలారాణికి అమ్మమ్మ దీవెనలు. తాత ప్రాణానికి భయం లేదు, కంగారుపడి పరిగెత్తుకు రాకు.

నీ కాలేజీ చదువుకు కావాలన్న నాచు కోసం తాత కొండ ఊటకు వెళ్లి తెచ్చాడు. నువ్వు రాసినట్టే తల కుచ్చులా ఉంది, పిండితే తడిబట్టలా నీళ్లు కారాయి. కాడ మాత్రం నాకు ఎర్రగా కనబడలేదు. "ఇది కాదు, ఎర్రగా నేదు" అన్నాను. "నీ కళ్లకేటి కనబడతాది ముసిల్దానా" అని నవ్వుతూనే మళ్లీ వెళ్లాడు. బండ మీద జారి తుంటి విరిగింది. ఇక నడవలేడట. పడినా మూట వదల్లేదు.

మొదటి నాచు నిన్న ఎండాక చూస్తే కాడ ఎర్రగానే ఉంది తల్లీ. తాతకు చెప్పలేదు.

రెండు మూటలూ పరంజ్యోతి బాబాయి చేత పంపుతున్నాను. రెండోదానికి నల్లదారం కట్టాను. నీ దగ్గు తగ్గిందా? హాస్టల్లో వేడినీళ్లు ఇస్తున్నారా?

మూటలు ఇంకా పంపకముందే తాత రోజూ మంచం మీంచి "పిల్ల రాసిందేటి? అదేనటా?" అంటున్నాడు. ఏది పనికొచ్చినా సరే, రెండోదే అని తాత పేర కార్డు రాయి. నేను చదివితే నా గొంతును బట్టి అబద్ధమని పట్టేస్తాడు, పోస్టుమేన్ చేత చదివిస్తాను. ప్రభువు నిన్ను చల్లగా చూడాలి.

అమ్మమ్మ