వీసా ఫారంలో లేని అక్క

గురువారం, రాత్రి

రిటైరయ్యాక మలేషియాలో స్థిరపడదామని మావారు ఎప్పటినుంచో అంటున్నారు. ఈ సాయంత్రం వీసా ఫారం తెరిచాం. భార్యాపిల్లల్ని తీసుకెళ్ళొచ్చట, తోబుట్టువుల్ని కాదు. పెళ్ళి మానుకుని, పెడనలో మగ్గం నేసి నన్ను ఎమ్మే చదివించిన అక్క ఇప్పుడు బెజవాడలో మాతోనే ఉంటోంది.

భోజనాల దగ్గర ఆ మాట చెప్పలేక చెప్పాను.

“హమ్మయ్య! విమానంలో కిటికీ తెరవనివ్వరటగా, నేనేం వస్తానే? మీరెళ్ళండి” అని అక్క నవ్వింది.

“మీరు లేకుండా ఎలాగండీ వదినగారూ?” అన్నారాయన. నేను కంచాలు తీయడానికి లేచాను.

నిజానికి ఆ ఫారం చదవగానే నాకు ముందు బాధ కలగలేదు, తేలిగ్గా అనిపించింది. అక్క మోకాళ్ళ నొప్పులూ, రాబోయే ముసలితనమూ నా మీద పడవని. ఒక్క క్షణమే. కానీ నేను చెబుతున్నంతసేపూ అక్క నా మొహంలోకే చూసింది. ఆ తేలిక ఇంకా కనిపించిందేమో. అందుకే అంత త్వరగా నవ్వేసిందేమో...