కిస్తీ తప్పని తమ్ముడికి

జూలై 9, బుధవారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఆ ‘చిరంజీవి’ అన్న మాట ఈసారి పళ్ళు నూరుతూ రాశాను. ఇక్కడ మేమందరం క్షేమం. నీ క్షేమం మాత్రం అడగను. అడిగితే అబద్ధం చెబుతావు.

ఫోన్ చేస్తే ఎత్తవు. నిన్న నీ సైకిలు కొట్టుకి వస్తే నన్ను చూసి పక్క సందులోకి జారుకున్నావు. నువ్వు పంక్చరు చూస్తున్న ట్యూబు నీళ్ళ తొట్టిలో బుడగలు వదులుతూనే ఉంది. అక్కడ కూర్చున్న మాస్టారు, ‘ఏమ్మా, మీకు బాకీ ఉన్నాడా?’ అని అడిగారు. ఏం చెప్పను? బాకీ లేడండీ, అదే నా ఏడుపు అని చెప్పనా?

సోమవారం నా మందుల కోసం ఆసుపత్రికి వెళ్ళాను. మందులకు రానివాళ్ళ చీటీ మన హెచ్‌ఐవి పొదుపు గ్రూపుకే ఇస్తారుగా, వెతికి పట్టుకు రమ్మని. అందులో మొదటి పేరు నీదే. మూడు నెలలుగా మందులు తీసుకోలేదట! నేను నర్సమ్మతో పోట్లాట వేసుకున్నాను. మావాడు కిస్తీ ఒక్కరోజు దాటనివ్వడు, మీ రిజిస్టరే తప్పు అన్నాను. ఆవిడ రిజిస్టరు నా ముందుకు తోసింది. నీ పేరు ఎదురుగా మూడు నెలలూ ఖాళీయే.

నిన్న నీ కొట్టు నుంచి నేరుగా మీ ఇంటికే వెళ్ళాను. మరదలు కళ్ళు తుడుచుకుంటూ అంతా చెప్పింది. ‘బస్సు ఛార్జీ, ఆ రోజు పోయే పని కలిపితే కిస్తీలో సగం వస్తుందట వదినా. గాలి మిషన్‌కి గ్రూపులో తీసుకున్న అప్పు తీరాక మళ్ళీ మొదలెడతారట. ఒంట్లో బాగానే ఉందిగా అంటారు’ అని. ఏం తెలివి నాయనా! ఆ బాగుండటం మందుల వల్లేనని నీకు వేరే చెప్పాలా? ఊరందరి టైర్లకూ గాలి కొడుతూ నీ ప్రాణాన్ని గాలికొదిలేశావా?

నా తెలివీ తక్కువేం కాదులే. రెండు కిస్తీలు తప్పాడని మన టీకొట్టు బాబాయిని గ్రూపులో అందరి ముందూ దులిపేశాను, తమ్ముణ్ణి చూసి నేర్చుకో అని. పాపం, ఆయన కిస్తీ ఆపింది మందులకు వెళ్ళడానికి!

అయినా నెలనెలా ఆరోగ్య పొదుపు ఎందుకు వేస్తున్నాం? ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజున ఎవరి ముందూ చేయి చాచకూడదనే కదా. అందులో నీ డబ్బూ ఉంది. నీ డబ్బు నువ్వు అడగడానికి నీకు మొహమాటమా?

నిన్న సాయంత్రమే గ్రూపు వాళ్ళందరం కూర్చున్నాం. ముందుగా నోరు విప్పింది బాబాయే. ‘మిషన్ ఎక్కడికీ పారిపోదు, మనిషే పారిపోతున్నాడు. ముందు వాణ్ణి పట్టండి’ అన్నాడు. ఆరు నెలలు నీ కిస్తీ ఆపేశాం. వడ్డీ పడదు. నీ బస్సు ఛార్జీ, ఆ రోజు కూలీ పొదుపులోంచి ఇస్తాం. ఎవరూ కాదనలేదు.

శుక్రవారం పొద్దున్నే బాబాయి స్కూటరు మీద వస్తాడు. ఎక్కి కూర్చో. మందులు ఆగాయి కాబట్టి రక్తపరీక్ష చేస్తారట, అవసరమైతే మాత్ర మారుస్తారట. నర్సమ్మ ఏమీ అనదు. తిట్టడం నా వంతు, అది ఈ ఉత్తరంతో అయిపోయింది.

ఇట్లు,
తోడబుట్టకపోయినా నీ తలనొప్పి మోస్తున్న
కుట్టుమిషన్ అక్క

తా.క.: నా ఎడమ కన్ను చూపు కుట్టి కుట్టి పోయిందని అందరికీ చెప్పాను. నువ్వు జాలిపడి మిషన్ మీదకి లైటు కూడా బిగించి వెళ్ళావు. అది అబద్ధం తమ్ముడూ. మిషన్ కోసం మొదటి అప్పు తీసుకున్న ఏడాది నేనూ ఇలాగే లెక్కలేసుకుని నాలుగు నెలలు మందులు మానేశాను. కిస్తీ ఒక్కటీ ఆపలేదు. దాంతో కంటికి జబ్బు చేసి డాక్టరు గుచ్చి గుచ్చి అడిగినా, రోజూ మింగుతున్నాననే చెప్పాను. ఇది నీకు తప్ప ఎవరికీ తెలియదు. మరదలికి చదివి వినిపించు, పరవాలేదు.