తప్పొప్పుల పట్టిక

చిక్కడపల్లి,
6 జూన్ 2021.

అమ్మకు దమయంతి నమస్కరించి రాసేది.

ఇక్కడ నేను, నీ అల్లుడు, తన్మయి క్షేమం. అక్కడ నువ్వు, అన్నా వదినలు, పిల్లలు క్షేమమని తలుస్తాను. ఈ మొదటి వాక్యం రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. ఇరవై రెండేళ్ళుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నదాన్ని కదా, ఏ వాక్యం చూసినా చేయి ఊరుకోదు. ముగ్గురం లేచి తిరుగుతున్నాం, ఇంత అన్నం తింటున్నాం. ఆ మేరకు క్షేమమన్న మాట ఉంచవచ్చులే అని ఉంచాను.

ఫోనులో మాట్లాడదామంటే నీకు వినపడదు, వినపడలేదని ఒప్పుకోవు. పోయినసారి నేను కీమో అంటే నువ్వు కిలో అనుకుని "ఏం కిలో బిడ్డా, ఎవరికి?" అన్నావు. వెనకాల అన్న నవ్వడం నాకు వినిపించింది. అందుకే ఉత్తరం. నీ కంటికి తేలికగా ఉండాలని అక్షరాలు పెద్దవి చేసి రాస్తున్నాను. దీన్ని అన్నతో చదివించుకోకు. భూతద్దం పెట్టుకుని, రెండు రోజులు పట్టినా సరే, నువ్వే చదువు.

జుట్టు వచ్చిందా అని అడిగావు. ఇంకా రాలేదమ్మా. ఫిబ్రవరిలో ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేసినప్పుడు కళ్ళు తడి కాని తన్మయి, మార్చిలో మొదటి కీమో తర్వాత దిండు మీద నా వెంట్రుకలు చూసి బోరుమంది. ఇప్పుడు అలవాటు పడిపోయింది. "నీ తలకాయ మంచిగ గుండ్రంగున్నదమ్మా, నాది గిట్లుంటదో లేదో" అని వెక్కిరిస్తుంది. దాని డిగ్రీ క్లాసులన్నీ ఫోనులోనే. వంట కూడా అదే చేస్తోంది. పప్పులో ఉప్పు మరిచిపోతుంది. నాకు ఎలాగూ రుచి తెలియడం లేదు కాబట్టి గొడవ లేదు.

నీ అల్లుడు జాగ్రత్తగా ఉంటున్నాడా అన్నావు. కాచిగూడ డిపో నుంచి సడలింపు ఇచ్చిన వేళల్లో బస్సులు తిరుగుతున్నాయి, ఆయన టికెట్లు కొడుతూనే ఉన్నాడు. వచ్చి వెనక పంపు దగ్గరే స్నానం చేసి, ముందు గదిలో పడుకుంటాడు. నేను లోపలి గదిలో. మధ్యలో తలుపు. అవతల నుంచి "ఏం తిన్నవ్? జ్వరం చూస్కున్నవా? ఎంతున్నది?" అని రోజూ అడుగుతాడు. పెళ్ళైన ఇరవై మూడేళ్ళలో రాఘవేందర్ నాతో ఇన్ని మాటలు మాట్లాడిన నెల ఇంకొకటి లేదు. కావాలంటే నవ్వుకో.

మా ప్రెస్సు తెరవలేదు. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు తాళాలు వేసి ఉన్నాయి, గ్రూప్స్‌కు చదివే పిల్లలు గదులు ఖాళీ చేసి ఊళ్ళకు వెళ్ళిపోయారు. గ్రంథాలయం ముందు నుంచి నడిస్తే మనిషి కనబడడు. నేను దిద్దుతూ ఆపేసిన చరిత్ర పుస్తకం ప్రూఫులు రెండు వందల పన్నెండో పేజీ దగ్గర అట్లాగే బల్ల మీద ఉన్నాయి. మొన్న తీసి చూశాను. అక్షరాలు కనిపిస్తున్నాయి, తప్పులు కనిపించడం లేదు.

నాలుగో కీమో ఎందుకు ఆగిందని కూడా అడిగావు. లాక్‌డౌన్ వల్ల ఆగిందని పోయిన ఉత్తరంలో రాశాను. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఇక ఉసిరి. నువ్వు బస్సు పార్సిల్‌లో పంపిన రెండు సీసాలూ పగలకుండా అందాయి. డిపో నుంచి నీ అల్లుడే తెచ్చాడు. వాంతి వచ్చేటట్టు ఉన్నప్పుడు ఆ ఎండుముక్క ఒకటి బుగ్గన పెట్టుకుంటే నిజంగానే నోరు కుదుటపడుతుంది. ఒక సీసా మీద నా పేరు, రెండో దాని మీద కాగితం అంటించి 'బాల్ నాగమ్మ' అని రాశావు. విడదీసి రాశావు, దిద్దుదామని పెన్ను కూడా తీశాను. దిద్దలేదు. "ఆమెకు ఇచ్చినవా, నచ్చిందా" అని నీ ఉత్తరంలో రెండు చోట్ల అడిగావు. ఈ ప్రశ్నకు జవాబు రాయలేకే ఆరు రోజులు ఉత్తరం ఆపాను.

బాలనాగమ్మ గురించి నీకు ఏప్రిల్‌లో కొంచెం రాశాను. కోస్గి వైపు మనిషి. ఇరవై ఏళ్ళ కిందట పట్నం వచ్చి, ఇల్లు కట్టే చోట ఇటుకలు మోసింది. భర్త పీరయ్య కూడా అదే పని. ఆమెకూ నాకు వచ్చిన జబ్బే, ఇద్దరికీ ఒకే రోజు కీమో. కరోనా వల్ల వెంట వచ్చినవాళ్ళను లోపలికి రానివ్వరు. నీ అల్లుడు, పీరయ్య గేటు బయట రేకుల కింద కూర్చుంటే, మేమిద్దరం లోపల పక్కపక్క కుర్చీల్లో. కీమో ఎర్ర మందు ఎక్కుతున్నంతసేపూ ఆమె ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. నేను పుస్తకం పట్టుకుని కూర్చుంటానని నన్ను 'పుస్తకాలమ్మ' అని పిలిచేది. నువ్వు మొదట పంపిన ఉసిరి ముక్కలు మేమిద్దరం అక్కడే పంచుకున్నాం. "మీ అమ్మ చేతుల ఏమున్నదో గని, పానం లేచొచ్చింది" అంది. ఆ మాట నీకు రాసినందుకే కదా నువ్వు ఆమెకు వేరే సీసా కట్టావు.

ఏప్రిల్ ఇరవై ఎనిమిది, మూడో కీమో రోజు. పొద్దున లేచేసరికి ఒళ్ళు వెచ్చగా ఉంది. చూసుకుంటే నూటొకటి. తలుపు అవతల నుంచి నీ అల్లుడు ఎంతున్నది అని అడిగితే "తొంభై ఎనిమిది" అన్నాను. జ్వరం ఉంటే గేటు దగ్గరే వెనక్కి పంపుతారమ్మా. అంతకు ముందుసారి నా కళ్ళ ముందే ఒకామెను పంపేశారు. ఆమె మళ్ళీ ఎప్పుడు వచ్చిందో, వచ్చిందో లేదో తెలియదు. కీమో ఆగితే లోపల మిగిలింది మళ్ళీ లేస్తుందని నా భయం. ఆ రోజుల్లో నాకు కరోనా అంటే అంత భయం లేదు, ఈ జబ్బంటేనే ఉంది. జ్వరం గోలీ ఒకటి వేసుకుని, గంట ఆగి బయలుదేరాను. నారాయణగూడ దాటేసరికి చెమట పట్టింది. గేటు దగ్గర నుదుటికి పెట్టి చూసే మిషన్‌లో తొంభై ఏడు చూపించింది.

లోపల ఒక కాగితం ఇస్తారు. దగ్గు ఉందా, జ్వరం ఉందా అని ప్రశ్నలు, కింద సంతకం. మూడో వరుసలో జ్వరం అనే మాటను 'జ్వారం' అని అచ్చు వేశారు. నేనేం చేశానో తెలుసా? ఆ దీర్ఘాన్ని కొట్టేసి, పక్కన మార్జిన్‌లో గుర్తు పెట్టి, దాని ఎదురుగా 'లేదు' అని రాశాను. అచ్చుతప్పు దిద్ది, అబద్ధం రాశాను. నర్సు శ్రీలక్ష్మి చూసి "అక్కా, ఈడ గూడ దిద్దుడేనా" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఇది ఇక్కడితో అయిపోలేదమ్మా. బాలనాగమ్మకు రాయడం రాదు, ఎప్పుడూ ఆమె కాగితం నేనే నింపుతాను. అదే పెన్నుతో ఆమెది కూడా తీసుకుని, జ్వరమేమైనా ఉందా అని అడిగాను.

"లేదమ్మా. చూస్కొనే అచ్చిన. ఉంటె ఉన్నదనే రాయి, నువ్వేం మొగమాటపడకు. పక్కకు ఇంకో పానం కూసుంటది గద" అంది.

నేను రాశాను. ఆమె వేలిముద్ర వేసింది. తర్వాత ఇద్దరం మాస్కులు కిందికి లాగి ఉసిరి ముక్కలు తిన్నాం.

మూడు రోజులకు నాకు కరోనా అని తేలింది. పద్నాలుగు రోజులు లోపలి గదిలో ఉన్నాను. నువ్వు భయపడతావని రాయలేదు. నీ అల్లుడికీ తన్మయికీ రాలేదు, అది నా అదృష్టం. ఆస్పత్రికి ఫోను చేసి, కీమో అయిన మర్నాడు జ్వరం మొదలైందని చెప్పించాను. అదీ అబద్ధమే. కీమో ఆగింది ఇందుకు, లాక్‌డౌన్‌కు కాదు.

నీ పార్సిల్ వచ్చిన రోజునే, సోమవారం, శ్రీలక్ష్మి ఫోను చేసింది. తొమ్మిదో తారీఖు బుధవారం నాలుగో కీమోకు రమ్మంది. బాలనాగమ్మ కూడా ఆ రోజే వస్తుందా, ఆమెకు ఇవ్వాల్సిన సీసా ఒకటి ఉంది అన్నాను. "మీకు తెల్వదా అక్కా? ఆమె పోయింది. మే పదమూడున. కరోనానే" అంది.

సీసా అప్పుడు నా చేతిలోనే ఉంది. బల్ల మీద పెట్టేశాను. ఇప్పటికీ అక్కడే ఉంది, మూత తీయలేదు.

మర్నాడు పీరయ్యకు ఫోను చేశాను. ఏం చెప్పాలో మనసులో అనుకునే చేశాను. నా గొంతు వినగానే ఆయనే అందుకున్నాడు.

"పుస్తకాలమ్మనా? మంచిగైనరా అమ్మా? మీకు గూడ అచ్చిందని నర్సమ్మ చెప్పింది. మేము నాలా పక్క బస్తీల ఉండేటోళ్ళం, పది ఇండ్లకు ఒక్క నల్లా. ఆడికెల్లే మా ఆమెకు అంటింది, ఆమె పక్కకు కూసున్నందుకు మీకంటింది. దవాఖానకు తోల్కపొయ్యేముందు గూడ గదే అన్నది. పుస్తకాలమ్మకు నా నుంచే అంటిందేమో, మాఫ్ చెయ్యమని చెప్పు అన్నది. నాకే ఫోన్ చెయ్యనీకె ధైర్యం చాలలే. జర మాఫ్ చెయ్యుర్రి అమ్మా."

అప్పుడైనా చెప్పాలి కదా. నోరు తెరిచాను. నోట్లోంచి వచ్చింది ఏమిటో తెలుసా అమ్మా? "పర్వాలేదు పీరయ్యా." ఇంకో మాట లేదు. చేయని తప్పుకు ఆమె మాఫీ అడిగింది. చేసిన నేను పెద్దమనసు చేసుకుని ఇచ్చేశాను.

ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు. ఆ వార్డులో ఇరవై మంది ఉన్నాం. ఇదే మాట నాకు నేను వందసార్లు చెప్పుకున్నాను. అయినా ఆ పొద్దున నూటొకటి ఉన్నది నాకు. ఉంటే ఉందని రాయమన్నది ఆమె. సిగ్గుగా ఉందమ్మా. చచ్చిపోతానేమోనన్న భయం కూడా ఇంత బరువుగా లేదు.

నిన్న నీ అల్లుడికి చెప్పాను. తలుపుకు ఇటు నిలబడి చెప్పాను, మొహం చూస్తే చెప్పలేకపోయేదాన్ని. తిడతాడనుకున్నాను. "ఆ దినం నాకు చెప్తే నేను తోల్కపోకపోదును" అన్నాడు. తర్వాత, "పీరయ్య ఇల్లు నాకెర్కే. గేటు కాడ అన్ని దినాలు ఒక్కతాన కూసున్నం. ఎప్పుడంటె అప్పుడు పోదాం" అన్నాడు. ఆ మురికినాలా పక్క బస్తీ మా ఇంటి నుంచి నడిచి వెళ్తే పావుగంట. ఇన్ని రోజులూ పావుగంట దూరం నేను నడవలేదు.

పుస్తకం అచ్చయి బైండింగ్ కూడా అయ్యాక తప్పు కనబడితే దాన్ని చెరిపే దారి లేదమ్మా. చివర ఒక చీటీ అంటిస్తాం. ఫలానా పేజీలో ఫలానా చోట ఇట్లా ఉంది, దాన్ని ఇట్లా చదువుకోండి అని. తప్పొప్పుల పట్టిక అంటారు. ఇరవై రెండేళ్ళలో ఎవరెవరి పుస్తకాలకో రాశాను. ఇది నాది.

పోయిన ఉత్తరం, మొదటి పేజీ: 'లాక్‌డౌన్ వల్ల కీమో ఆగింది' అని ఉన్నచోట 'నాకు కరోనా వచ్చి ఆగింది' అని చదువుకోవాలి.

ఏప్రిల్ ఇరవై ఎనిమిది, ఆస్పత్రి కాగితం, మూడో వరుస: 'లేదు' అని ఉన్నచోట 'ఉంది' అని చదువుకోవాలి.

జూన్ ఒకటి, ఫోనులో: 'పర్వాలేదు పీరయ్యా' అని ఉన్నచోట 'నన్ను మాఫ్ చెయ్యి పీరయ్యా' అని చదువుకోవాలి.

దీనికి మూడు ప్రతులు తీశాను. ఒకటి ఈ ఉత్తరంతో నీకు. ఒకటి బుధవారం శ్రీలక్ష్మి చేతికి ఇస్తాను, ఆ తర్వాత వాళ్ళు ఏమన్నా పడతాను. మూడోది పీరయ్యకు. ఆయనకు చదవడం రాదు. రేపు పొద్దున నీ సీసా పట్టుకుని వెళ్ళి, గుమ్మం ముందు నిలబడి, నేనే చదివి వినిపించాలి.

ఇట్లు,
తిట్టినా నీ బిడ్డే అయిన
దమయంతి