నాయన పోసిన ఆముదం

ఓబులేసూ, నేను రిపేరు మేస్త్రీ కోసం కర్నూలు పోతున్నా. నువ్వు వచ్చి ట్రాక్టరు స్టార్టు చెయ్యొద్దు, పంపు విరుగుతుంది. ఇంజను బాగానే ఉంది, నాగలిని పైకెత్తే పంపులోనే తేడా. ఆయిలు పుల్ల తీసి చూస్తే ఆముదం వాసన. బండి ఇరుసుకు పోసినట్టు నాయన పోసినాడు. “ఇనుము అరిగిపోతాదని పోసినా లేరా” అన్నాడు. అంతా దించి కొత్త ఆయిలు పోసినా నాగలి లేవలేదు. ఇంక నాకేమీ తోచడం లేదు. చేన్లో వాన పదును ఆరిపోతాంది. ఎద్దుల్ని అమ్మొద్దని నువ్వు చెప్పినావు, నిజమే. ఇప్పుడు ఆ మాట ఎత్తొద్దు.

అన్న

నాయన పార తీసుకుని చేనికి పోయినాడు. అంత చేను పారతో తవ్వుతాడంట. నేను పిలిస్తే తల ఎత్తలేదు. నువ్వు పిలిచి చూడు.