విడిపోయే ముందు కణం చేసే పని

2004 ఆగస్టు 9. పొద్దున తుంపర. చిక్కపేటలో మన దుకాణం ఊడ్చి, మధ్యాహ్నమే మూసేశాను లక్ష్మీ. ఈరోజు పరీక్షలో నెగ్గితేనే మన సుమకు పరిశోధన పట్టా వస్తుంది.

నేనూ వెళ్ళి వెనక కూర్చున్నాను. ప్రశ్నలడిగేవాళ్ళ ఇంగ్లీషు నాకు అంతగా అందలేదు. బయటికొచ్చాక సుమ చెప్పింది.

"కణం రెండయ్యే ముందు డీఎన్‌ఏ పోగులు అక్కడక్కడ కలిసిపోయి ఉంటాయప్పా. ముందు విప్పి చూస్తాది. విడకుంటే ఆ ముడి కాడ మాత్రం కత్తిరించి, మళ్ళా అతికిస్తాది. ముడి ఉండంగానే రెండైతే పోగులే తెగిపోతాయి."

"మీయమ్మ మగ్గం కాడ జరీ చిక్కుకు కత్తెర తగలనిచ్చేదా?"

"అమ్మకు పొద్దుగూకేదాకా టైముండేది. కణానికి లేదు గదప్పా!"

అంతలో వాళ్ళ పెద్దసారు వచ్చి, నెగ్గిందని చెప్పి, నాకు చెయ్యి కలిపారు. నువ్వు పోయాక ఇంత మంచి రోజు రాలేదు. నువ్వుంటే వీధంతా చెప్పేదానివి. పక్కింటికైనా నేనే వెళ్ళి చెప్పి వస్తాను. ఇక ఈరోజు దుకాణం లెక్క రేపు రాస్తాను.