వరద తూముకు రెండు తాళాలు

మడేరా కౌంటీ, కాలిఫోర్నియా
ఫిబ్రవరి 2011

ఎల్డర్ స్లూ ఇరిగేషన్ డిస్ట్రిక్టు జనరల్ మేనేజరు గారి సముఖమునకు,

కృష్ణా డెల్టా శివారు రైతు మండవ పరంధామయ్య, ప్రస్తుతం తమ కాలువ పక్కన ద్రాక్షతోటలో కూతురు రేణు, అల్లుడు అవినాష్‌ల ఇంట ఉంటూ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వరద నీటిని మా తోటలో నిలిపి భూమిలోకి ఇంకించు పథకము – సదరు పథకము నుండి మా తోటను తొలగించుచు తమరు పంపిన నోటీసు – రద్దు చేయమని కోరుట – అందుకు షరతులు – గురించి.

పై విషయమై సవినయముగా విన్నవించునదేమనగా, ఈ అర్జీ తెలుగులో ఉన్నది. దీనిని మా అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చి తమకు పంపును. మా అమ్మాయి మంచిదే గానీ, ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని ఘాటైన మాటల్ని మెత్తబరిచే అలవాటు దానికి చిన్నప్పటి నుంచీ ఉంది. కావున తెలుగు ప్రతిని కూడా జతపరచడమైనది. రెండింటికీ తేడా వచ్చినచో తెలుగునే ఖాయపరచుకోవలెను. తమ ఆఫీసులో తెలుగు చదివేవాళ్ళు ఉండరని మా అల్లుడు అంటున్నాడు. కంప్యూటర్ల గదిలో వెతికించండి, ఒకరైనా దొరుకుతారు.

1. సదరు పథకమును గూర్చి నాకు అర్థమైనది ముందుగా మనవి చేసుకుంటున్నాను. నదికి వరద వచ్చింది. కొండల మీది మంచు కరిగి దిగేలోపు డ్యాములో చోటు చెయ్యాలని ఉన్న నీళ్ళు వదిలేస్తున్నారు. ఆ నీళ్ళు సముద్రం పాలు కాకుండా మీ కాలువలోకి మళ్ళించి, ఆకు రాల్చి నిద్రపోతున్న ద్రాక్షతోటల్లో నిలబెడితే, కిందికి ఇంకి అందరి బావులూ కోలుకుంటాయట. కాలువ వెంబడి రైతులందరూ కలిస్తేనే ఈ పని జరుగుతుందనీ, మా తోటలో నుంచే నీళ్ళు అవతలి తోటలకు సాగాలి గనుక మా సంతకం ముఖ్యమనీ తమ ఇంజనీరు గారు మా ఇంటికొచ్చి, కాఫీ తాగి చెప్పారు. నీళ్ళు ఉచితం అని కూడా అన్నారు. అక్కడే నాకు అనుమానం వచ్చింది.

అయ్యా, అడక్కుండా నీళ్ళిచ్చే ఇరిగేషన్ అధికారిని నేను బుద్ధెరిగాక చూడలేదు. మాది కాలువ చిట్టచివరి ఊరు. నారుమళ్ళు నెర్రెలు విచ్చి, మేము ఆఫీసు మెట్ల మీద కూర్చుని కాళ్ళావేళ్ళా పడ్డప్పుడు చుక్క దిగదు. పైన వానలు ముంచెత్తితే మాత్రం, మేము వద్దు మొర్రో అంటున్నా, తలుపులన్నీ ఎత్తి మా మీదికే వదులుతారు. అటువంటి శాఖ చేత పెంచబడిన మనిషికి తమరు ఉచితంగా వరద ఇస్తామంటే ఎలా ఉంటుందో తమరే యోచించవలెను.

2. మరొక అనుమానము. నీళ్ళు మా తోటలో ఇంకుతాయి, బాగుంది. ఇంకిన తర్వాత అవి ఎవరివి? రోడ్డుకు అవతల కనుచూపు మేరా బాదం తోటలున్నాయి. వాటి బోర్లు మా బావి కంటే ఎంతో లోతు. మేము పోస్తే వాళ్ళు పీల్చుకోరని హామీ ఏమిటని ఇంజనీరు గారిని అడగమన్నాను. ఆయన చెప్పినది మా అమ్మాయి తెలుగులో చెప్పింది.

"నాన్నా, భూమి లోపల గోడలుండవంటున్నారు."

"అదే కదమ్మా నా భయం!" అన్నాను.

ఆ మాట ఆయనకు చెప్పినట్టు లేదు. ఏదో ఇంగ్లీషులో నవ్వుతూ అన్నది. ఆయన లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. నేను భయపడుతున్నానంటే షేక్‌హ్యాండ్ ఎందుకిస్తారు? మెత్తబరిచే అలవాటని పైన వ్రాసినది ఇందుకే.

3. ఇక నోటీసులో "ఉద్దేశపూర్వక ఆటంకం" అని తమరు వ్రాసిన సంఘటన. అది ఆటంకం కాదు, గండి పూడ్చుట. వివరము దిగువన మనవి చేయడమైనది.

శనివారం పొద్దున నేనూ, దగ్గర్లోని క్లోవిస్ ఊళ్ళో కొడుకు దగ్గర ఉంటూ, ఆ పూట మా ఇంటికొచ్చిన మా వైపు రాజారావూ వాకింగ్‌కు బయల్దేరి తోట చివరికి వెళ్ళాం. చూద్దుము గదా, కాలువ గట్టు తెగి ఉంది! నీళ్ళు బుసబుసమని తోటలోకి పడుతున్నాయి, మొదటి వరసల్లో తీగల మొదళ్ళు అప్పటికే మునిగాయి. రాజారావు గావుకేక పెట్టాడు.

"బావా, గండి పడింది రోయ్!"

అయ్యా, మా వైపు ఆ కేక వింటే అన్నం ముందు కూర్చున్నవాడు కూడా చెయ్యి కడుక్కోకుండా పరుగెత్తుతాడు. ఎవరి గట్టు, ఎవరి పొలం అని అడిగేవాడు ఉండడు. మేమూ అడగలేదు. గ్యారేజీలో మా అమ్మాయి దాచిపెట్టిన ఖాళీ సోనామసూరి సంచులన్నీ పట్టుకొచ్చాం. ఇక్కడి బియ్యం సంచి మన బస్తా కాదు, చంకలో పెట్టుకుపోయే పసిది. అయినా మట్టి కూరి, మూతులు కట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి తొక్కాం. రాజారావు వాళ్ళబ్బాయి కొనిచ్చిన తెల్ల బూట్లు తొడుక్కుని మోకాటి లోతు బురదలో దిగాడు. గండి మూసేసరికి మా ఇద్దరికీ మళ్ళీ పాతికేళ్ళ వయసు వచ్చింది. పొంగిపోయి ఇంటికెళ్ళి అల్లుణ్ణి లేపి, నీ తోట కాపాడామయ్యా అని చెప్పాను.

అల్లుడు బయటికొచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. "మామయ్య గారూ, అది గండి కాదండీ, ప్రాజెక్ట్! గట్టు కట్ చేసింది వాళ్ళే. సైన్ చేసింది నేను."

గట్టును మనిషే మిషను పెట్టి కోస్తాడని నేను ఎట్లా అనుకుంటాను? సంతకం చేసినవాడు మామగారికి ఒక మాట చెప్పి పడుకోవద్దా? "మీకు చెప్తే వద్దంటారనే చెప్పలేదు" అన్నాడు. ఆ సంగతి నిజమే గాని, అది వేరే అర్జీ.

ఈలోగా కాలువ నిండి పొంగిందనీ, తమ కాలువ లస్కరు వచ్చి చూసి పైన తలుపు దించేశాడనీ, మాకు రావలసిన నీళ్ళు తిరిగి నదిలోకే పోతున్నాయనీ తరువాత తెలిసింది. ఇప్పటికీ పోతూనే ఉన్నాయి. మా తోటను తొలగిస్తే దారి లేక అవతలి తోటలకూ నీళ్ళు పోవు. వరద ఎవరి కోసమూ ఆగదు గదా.

4. ఇక్కడ లూసియా గారిని గూర్చి మనవి చేయవలసి ఉన్నది. ఈమె మా పక్కింటి పెద్దావిడ, వయసులో నా కంటే పెద్ద, కాస్త చెవుడు. ఈమె ఇంటి బావి పోయిన వేసవిలోనే ఎండిపోయింది. మా అమ్మాయి కంచె మీదుగా తోటకు నీళ్ళు పెట్టే పైపు వేసి, మా కుళాయి నుంచే ఆవిడ ఇంటికి నీళ్ళు ఇస్తోంది. దాచడమెందుకు, ఈమె మీద కూడా నాకు అనుమానమే ఉండేది. మన నీళ్ళతో తోట తడుపుకుంటోందేమోనని కంచె దగ్గర నిలబడి చూసేవాణ్ణి. ఆవిడ గిన్నెలు కడిగిన నీళ్ళు బకెట్లో పట్టుకొచ్చి, ఉన్న ఒక్క నిమ్మచెట్టుకు పోసేది. నన్ను చూసి చెయ్యి ఊపేది. నేను ఊపలేదు.

గండి పూడ్చిన మర్నాడు ఆవిడ మా గుమ్మంలోకి వచ్చింది. ఆ పైపు శుభ్రంగా చుట్టచుట్టి, తుడిచి, మెట్టు మీద పెట్టింది. "గ్రాసియాస్, సెన్యోర్" అని వాళ్ళ స్పానిష్‌లో నాకు థాంక్స్ చెప్పి, మా అమ్మాయి చెంప నిమిరి వెళ్ళిపోయింది. కోపం లేదు, ఏమీ లేదు. ఇదేమిటే, నీళ్ళు వద్దా ఆవిడకి అని మా అమ్మాయిని అడిగాను.

"మనింట్లో నీళ్ళు పంచడం ఇష్టం లేదనుకుంది. నువ్వు సంచులు పేరుస్తుంటే కంచె దగ్గర నుంచి చూసిందట నాన్నా."

"నేను పూడ్చింది గండి కదమ్మా?"

"నువ్వు పూడ్చింది గండి కాదు. ఆవిడ బావి."

అయ్యా, నాకు చచ్చేంత సిగ్గేసింది. ఈ ముక్క మెత్తబరచకుండా ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టమని మా అమ్మాయికి గట్టిగా చెప్పాను. మా కుళాయి కూడా ఈ మధ్య పొద్దున్నే దగ్గి, ఇసక కక్కి, ఆ తర్వాతే నీళ్ళిస్తోంది. ఈ వేసవికి మా బావి కూడా పోతే ఇల్లు వదిలేసి వెళ్ళడమే అని అల్లుడు వంటింట్లో గొంతు తగ్గించి అనగా విన్నాను. మా అమ్మాయి కుళాయి కట్టేసి అలా నిలబడి ఉంది. కాబట్టి నా తప్పుకు తమరు ఎవరి నీళ్ళు ఆపారో ఒకసారి ఆలోచించండి. నేనైతే మూడు పూటలా అదే ఆలోచిస్తున్నాను.

5. తమ ఒప్పందం కాగితంలో "పరస్పర విశ్వాసం" అనే మాట పదే పదే వచ్చుచున్నది. దానిపై నా అభ్యంతరం. మా ఊరికీ, ఎగువ ఊరికీ మధ్య ఒక తూము ఉండేది. రెండు ఊళ్ళకూ ఒకరి మీద ఒకరికి అణువంత నమ్మకం లేదు. అందుకని ఆ తూము తలుపుకు రెండు తాళాలు వేశారు. ఒక తాళంచెవి వాళ్ళ దగ్గర, ఒకటి మా దగ్గర. ఎత్తాలన్నా దించాలన్నా ఇద్దరూ రావలసిందే. వచ్చినవాళ్ళు ఊరికే ఉంటారా? ఒకరి చుట్ట ఒకరు ముట్టించుకునేవారు, మీ చేలో పురుగు తగ్గిందా అని ఒకరినొకరు అడిగేవారు. తిట్టుకునేవారు కూడా. కానీ నేనెరిగినంత కాలం ఆ తూము దగ్గర కర్ర లేవలేదు. నమ్మకం ఉంటేనే కలిసి పని చేస్తామంటే ఎన్నటికీ చెయ్యం. తాళాలు రెండుంటే చాలు.

కావున తమరు దయతలచి,

అ) మా తోటను తొలగించిన నోటీసును తక్షణం రద్దు చేసి, నదిలోకి పోతున్న నీళ్ళను మళ్ళీ మా కాలువలోకి తిప్పవలెను. ఇది షరతు కాదు, ప్రాధేయపడుట.

ఆ) కోసిన గట్టు దగ్గర తలుపు పెట్టించి దానికి రెండు తాళాలు వేయించవలెను. ఒక తాళంచెవి తమది. రెండవది మాది.

ఇ) బాదం తోటల వారి బోర్లలోనూ, మా బావుల్లోనూ నీటి మట్టం ఒకే రోజు, అందరి ఎదుట కొలిపించవలెను. గోడలుండవని చెప్పింది మీ ఇంజనీరు గారే. గోడలు లేనప్పుడు, లోపల ఎవరెంత పీలుస్తున్నారో చూసేందుకు కిటికీ అయినా ఉండాలి గదా.

ఈ) ఇకమీదట గట్టు కొయ్యబోయే ముందు ఇంట్లో పెద్దవాళ్ళకు ఒక మాట చెప్పవలెను. సంతకం అల్లుడిదైనా సరే.

నా తిరుగు ప్రయాణం ఏప్రిల్లో ఉన్నది. ఈలోపు ఆ తోటలో నీళ్ళు నిలబడటం చూసి వెళ్ళనిచ్చినచో మేలు మరువను. నా యావజ్జీవితం వరద నీళ్ళు పోవాలనే కోరుకున్నాను. రమ్మని అర్జీ పెట్టుకోవడం ఇదే మొదలు. ఆ కష్టం గుర్తించి, పై సంగతులన్నియు తమరు చిత్తగించవలెను.

ఇట్లు
తమ విధేయుడు (నీళ్ళు వచ్చేదాకా),
మండవ పరంధామయ్య

తా.క.: గట్టు మీది సంచులు నేనే తీసేశానండీ. రాజారావు రానన్నాడు, బూట్లు పాడైనందుకు ఇంట్లో చివాట్లు తిన్నాడట. లూసియా గారే వచ్చి సాయం పట్టారు. వద్దు తల్లీ అంటే వినపడదు. పైపు కూడా మళ్ళీ కంచె మీద వేశాను. ఈసారి చెయ్యి నేనే ముందు ఊపాను.

మీ తలుపు ఎప్పటికి వస్తుందో నమ్మకం లేక, అల్లుడి చేత బల్ల చెక్కతో ఒకటి చేయించి పెట్టేశాం. రెండు కొక్కేలు కొట్టించాను. ఒక దానికి మా తాళం వేశాం, రెండోది మీ కోసం ఖాళీగా ఉంది. తాళం వేశాడు, మళ్ళీ ఆపేశాడు అని కంగారు పడకండి. తలుపు దించి వెయ్యలేదు, పైకెత్తి వేశాం, ఎవరూ దించకుండా. మా తాళంచెవి లూసియా గారి మెడలో ఉంది. నన్ను ఉంచుకోమన్నారు గానీ నేనే పుచ్చుకోలేదు. రేపు ఆ నీళ్ళు తోటలోకి దూకుతుంటే చూసి ఊరుకోగలనో లేదో, నా మీద నాకే అనుమానంగా ఉంది.