నీ కోసం తగ్గలేదు

ప్రత్తిపాడు,
4 మార్చి 2007, ఆదివారం.

అద్దంకిలో ఉన్న అక్క మహిమకు,

చెల్లెలు జయకుమారి ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాస్తున్నది. పెద్దదానివి కాబట్టి వందనాలు. నాన్న పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు కాబట్టి ప్రభువు నామం. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వు క్షేమంగా లేవని తెలుసు కనుక ఆ ముక్క అడగడం లేదు.

ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు. మొన్న బావ ఎత్తి నువ్వు నిద్రపోతున్నావని చెప్పాడు, వెనకాల నీ దగ్గు నాకు వినిపిస్తూనే ఉంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చింపితే చింపు. కానీ నీ సంగతి నాకు తెలియదా, చివరిదాకా చదివిన తర్వాతే చింపుతావు.

తమ్ముడు కరుణాకర్ మొన్న బుధవారం నీ దగ్గరికి వచ్చాడు కదా, డాక్టరు నాకు సరేనన్నాడనీ, హైదరాబాదులో ఆపరేషనుకి తేదీ ఇచ్చారనీ చెప్పడానికి. నువ్వన్న మాటలు నా చెవిన పడకూడదని వాడు చాలా అవస్థ పడ్డాడు గానీ వాడి నోట్లో ఏం దాగుతుంది? రానన్నావట. దాని కిడ్నీ పెట్టించుకుని బతికినన్నాళ్ళూ దాని కాళ్ళ దగ్గర పడి ఉండమంటావా అన్నావట. అంతటితో ఆగినా నేనీ కాగితం తీసేదాన్ని కాదు. నా రోగం పేరు చెప్పుకుని అది సన్నబడుతోంది, నేనిక్కడ సూదులు పొడిపించుకుంటుంటే అదక్కడ అద్దంలో నడుం చూసుకుంటోంది అని కూడా అన్నావట.

ఎలా సన్నబడ్డానో చెబుతాను, విను.

ఆగస్టులో గుంటూరు డాక్టరు అందరి రక్తమూ చూశాడు. బావది కలవలేదు. తమ్ముడికి సుగరు. మిగిలింది నేను. నాది కలిసిందన్నాడు, ఆ తర్వాత నన్ను పైనుంచి కిందిదాకా చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. తొంభై రెండు కిలోల మనిషిని బల్ల ఎక్కించలేననీ, బీపీ కూడా అంచు మీద ఉందనీ, ఒకటి తీసేశాక మిగిలిన ఒక్క కిడ్నీ ఇంత ఒంటినీ మొయ్యాలనీ చెప్పాడు. డెబ్బై అయిదుకి దిగి రండి, అది కూడా పస్తులుండి కాదు, పద్ధతిగా దిగండి అన్నాడు. అప్పటిదాకా మా అక్క ఆగగలదా అని అడిగాను. ఏడాది దాటితే మీ అక్కగారి గుండె తట్టుకోకపోవచ్చు, త్వరపడండి అన్నాడు.

నీ మీద ప్రేమ పొంగి ఒప్పుకున్నానని అపోహ పడకు. నాన్న అడిగాడు. నా చెయ్యి తీసుకుని బైబిలు మీద పెట్టి, నీ అక్కని బతికించమ్మా అని మాట తీసుకున్నాడు. యాభై ఏళ్ళు ఉపదేశిగా ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి నా ముందు చేతులు జోడిస్తే కాదనడం నా వల్ల కాలేదు. నేను నిలబెడుతున్నది ఆయనకిచ్చిన మాట. మధ్యలో నువ్వొక పేషెంటువి, అంతే.

డాక్టరు నన్ను ఆస్పత్రిలోనే నసీమున్నీసా మేడం దగ్గరికి పంపాడు. ఎవరు ఏం తినాలో రాసిచ్చే ఉద్యోగం ఆవిడది. నవ్వదు. మొదటి రోజే నేను మధ్యాహ్నానికి కట్టుకెళ్ళిన అన్నం గిన్నె తెరిపించి చూసి, ఇది ముగ్గురిది అంది. కంచంలో సగం కూర ఉండాలి, పావు వంతు పప్పు, పావు వంతు అన్నం. రాత్రికి రెండు పుల్కాలు. మనిషికి నెలంతటికీ అర కిలో నూనె. నువ్వు పుట్టిన ఇంట్లో అర కిలో నూనె ఎన్ని రోజులు వచ్చేదో గుర్తు తెచ్చుకో. ప్రతి శనివారం వెళ్ళి ఆవిడ ముందు బరువు మిషను ఎక్కాలి. చిన్నప్పటి నుంచీ సంతలో మిషను కనిపిస్తే పక్క సందులోంచి తిరిగి వెళ్ళేదాన్ని నేను. ఎందుకు తిరిగి వెళ్ళేదాన్నో నీకు తెలుసు.

నడక సెప్టెంబరులో మొదలైంది. పొద్దున్నే పెదనందిపాడు రోడ్డు మీదికి వెళ్ళేదాన్ని. పత్తికి మందు కొడుతున్న రోజులవి, ఆ కంపుకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నడిచేదాన్ని. కూలీల ట్రాక్టర్లు పక్కనే ఆగేవి. ఏంది టీచరమ్మా బస్సు తప్పిపోయిందా, ఎక్కండి దించుతాం అనేవాళ్ళు. నడవడానికే నడుస్తున్నానంటే ట్రక్కు ట్రక్కంతా నవ్వింది. వాళ్ళు పగలంతా వంగి పత్తి తీసే మనుషులు, పనీపాటా లేకుండా రోడ్డు వెంట నడిచే మనిషిని చూస్తే నవ్వరా? మోకాళ్ళు వాచాయి. ఇంటికొచ్చి వేడినీళ్ళ కాపడం పెట్టుకుని స్కూలుకి వెళ్ళేదాన్ని. తర్వాత మేడం కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చెప్పింది, మెట్లెక్కి దిగడం చెప్పింది. పిల్లలు వెళ్ళిపోయాక తరగతి తలుపు వేసుకుని చేశాను. కిటికీలోంచి మా బడి పిల్లలే చూసి, మర్నాడు ఆటల పీరియడులో నాలాగా చేసి చూపించుకున్నారు.

డిసెంబరులో మూడు వారాలు ముల్లు కదల్లేదు. నువ్వు అక్కడ కూర్చుని తిట్టుకుంటున్నావని నీ మీద మండిపడ్డాను. మేడం నన్ను నమ్మలేదు, దొంగతనంగా తింటున్నారా అని మొహం మీదే అడిగింది. నేను ఏడ్చాను. అప్పుడు పొద్దుటి నుంచి రాత్రిదాకా ఏం తిన్నానో ఒక్కొక్కటీ చెప్పించింది. కూరలో నూనె చెంచాతో కొలిచి వేస్తున్నానన్నాను. నంజుకోవడానికి ఏమిటి అంది. గోంగూర పచ్చడి, పండుమిరప పచ్చడి అన్నాను. వాటి మీద తేలే నూనె మాటేమిటి అంది. అక్కా, నాకు నిజంగా అది నూనె అని తట్టలేదు. పచ్చడి అంటే పచ్చడే కదా మనకి, అందులో నూనెని ఎవరు లెక్కపెట్టారు? నేనూ గుంటూరుదాన్నే, ప్రతివాళ్ళూ ఇదే చెబుతారు అని ఆవిడ తల పట్టుకుంది. ఆ రోజు నుంచి పచ్చడి మానేశాను. మిగతావన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. కళ్ళాల్లో మిరపకాయలు ఎండబోసిన ఈ రోజుల్లో ఆ ఘాటు మధ్యలోంచి దగ్గుకుంటూ నడిచి ఇంటికొచ్చి, చప్పిడి సొరకాయ తింటున్నాను.

ఇక నువ్వన్న నడుం సంగతి. ఈ ఊళ్ళో నేను సన్నబడ్డానని ఎవరూ అనలేదు, చిక్కిపోయానన్నారు. మొదట సుగరా అని అడిగారు. సంక్రాంతి దాటాక అడగడం మానేశారు. మన జిల్లాలో మనిషి ఉన్నట్టుండి చిక్కితే ఏ జబ్బు పేరు చెవుల్లో చెప్పుకుంటున్నారో నీకు తెలుసు. పైగా పెళ్ళి కాని దాన్ని, ఎవరి దగ్గర అంటించుకుందో అని. మా పక్కింటి ఆదెమ్మ తన మనవరాలిని నా తరగతిలోంచి తీసేసి ప్రైవేటు బడిలో వేసింది. గుళ్ళో నా పక్కన బల్ల మీద కూర్చునే వాళ్ళు ఇప్పుడు ముందు వరసలో కూర్చుంటున్నారు. ఒక్క మాట చెబితే అందరి నోళ్ళూ మూతపడేవి. చెప్పలేదు. చెబితే అక్క కోసం ఎంత త్యాగం అంటారు, నన్ను పుణ్యాత్మురాలిని చేస్తారు. నీ పేరు మీద పొగిడించుకోవడం కంటే ఆ జబ్బు పేరు మొయ్యడమే నయమనిపించింది.

అద్దంలో చూసుకున్నాను, కాదనను. మెడ కింద చర్మం వేలాడుతోంది. చేతులు ఊగుతున్నాయి. జాకెట్లన్నీ కుట్లు విప్పి మళ్ళీ కుట్టుకున్నాను. నువ్వు కుళ్ళుకోవలసిన అందం ఏమీ రాలేదు.

సన్నబడాలనే ఉంటే పద్నాలుగేళ్ళ కిందటే సన్నబడేదాన్ని. చీరాల సంబంధం వాళ్ళు మనందర్నీ వాడరేవు సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళారు. ఆ అబ్బాయికి నేను నచ్చాను, నాకూ నచ్చాడు. పడవ ఎక్కి ఒకసారి తిరిగొద్దామని నాకు చెయ్యి అందించాడు. అప్పుడు నువ్వు, జాగ్రత్తండోయ్, మా చెల్లి ఎక్కిందంటే పడవ తిరగబడుద్ది, ఈత వచ్చా మీకు అన్నావు. అందరూ నవ్వారు. పడవవాళ్ళు నవ్వారు, వలలు బాగుచేసుకునే ముసలాళ్ళు నవ్వారు, చివరికి ఆ అబ్బాయి కూడా నవ్వి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వారం తిరక్కుండా సంబంధం వద్దని కబురొచ్చింది. ఆ తర్వాత నేను ఎవరి ముందూ కూర్చోలేదు. నీ ఇంట్లో మంచినీళ్ళయినా ముట్టలేదు. సరదాకి అన్నానని నువ్వు ఎన్నిసార్లు కబురు పంపినా నాకది సరదాగా లేదు, ఇప్పటికీ లేదు.

కాబట్టి నన్ను మంచిదాన్ననుకుని భయపడకు. నీ మీద నా కోపం ఒక్క కిలో కూడా తగ్గలేదు. పోయిన శనివారం మిషను డెబ్బై నాలుగున్నర చూపించింది. ఈ నెల పందొమ్మిది, సోమవారం హైదరాబాదులో కిడ్నీ మార్పిడికి అనుమతిచ్చే కమిటీ ముందు ఇద్దరం కూర్చుని ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నామని సంతకాలు పెట్టాలి. నా సంతకం నేను పెడతాను, నీది నేను పెట్టలేను. నువ్వు రాకపోతే ఆర్నెల్లు నేను తిన్న సొరకాయలన్నీ వృథా. నాన్నకి ఇచ్చిన మాట పోతుంది. నీ పిల్లలకి తల్లి ఉండదు.

ఆపరేషన్ అయ్యాక నా గదికి రాకు, నేనూ నీ గదికి రాను. థాంక్స్ చెప్పొద్దు. నాన్న మాటగా తీసుకో, నాన్న ఇచ్చినట్టే అనుకో. నువ్వెవరి కాళ్ళ దగ్గరా పడి ఉండక్కర్లేదు.

ఇట్లు,
నీకు ఇష్టం లేకపోయినా నీ చెల్లెలు,
జయకుమారి

తా.క. కవరు అంటిస్తుంటే నాన్న ఉత్తరం చదివి వినిపించమన్నాడు. చూపు ఆనడం లేదుగా, అన్నీ నా చేతే చదివించుకుంటున్నాడు. బైబిలు మీద చెయ్యి పెట్టించాడన్న చోట ఆపమన్నాడు. నా పేరు మీద అబద్ధం పోస్టు చేస్తావా, దిద్దు అని కేకలేశాడు. దిద్దుతున్నాను.

నాన్న నన్ను అడగలేదు. వద్దన్నాడు. ఒక కూతురు మంచం మీద ఉంది, రెండోదాన్ని కత్తి కిందికి పంపలేనని రెండు పూటలు అన్నం మానేశాడు. బావా అడగలేదు, తమ్ముడూ అడగలేదు. నాకు చెప్పొద్దని నువ్వు వాళ్ళ దగ్గర ఒట్టు వేయించుకున్నావటగా. ఆగస్టులో ఒక ఆదివారం మన గుళ్ళో ప్రార్థన మనవులు చదువుతూ, అద్దంకిలో మహిమ గారికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి, ప్రార్థించండి అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు, నేను మూసుకోలేకపోయాను. మర్నాడు స్కూలుకి సెలవు కూడా పెట్టకుండా గుంటూరు బస్సెక్కి, నా రక్తం చూడండని నేనే చెయ్యి చాపాను.

నేనిస్తానంటే నువ్వు తీసుకోవు, నాన్న మాటంటే కాదనవు, అందుకని ఆయన పేరు రాశాను. ఎందుకు వెళ్ళానని మాత్రం అడక్కు. పద్నాలుగేళ్ళుగా పొద్దున లేస్తే నీ మీద కోపంతోనే లేస్తున్నాను. నువ్వు పోతే నేనెవరితో పోట్లాడాలి? రా.